అందరినీ వంగమన్న ఈరమ్మ

రెండువేల పద్దెనిమిది, ఫిబ్రవరి పదకొండు, ఆదివారం. శివరాత్రి ఇంకా రాలేదు గనుక గద్వాలలో తెల్లవారితే దుప్పటి వదలబుద్ధి కాని చలి, పది దాటితే మాడు కాల్చే ఎండ. ఆ రెంటికీ నడుమనే డాక్టర్ ఈరమ్మ పాలవాణ్ణీ, పేపరు వేసేవాణ్ణీ వంగబెట్టి పంపించింది.

ఆమెకున్న విడ్డూరం అదొక్కటే: కనిపించిన మనిషినల్లా వంగమనడం. మోకాళ్లు మడవకుండా వంగి చేతివేళ్లతో పాదాలు తాకాలి. జలుబుకు వచ్చినా వంగాలి, పంటినొప్పికి వచ్చినా వంగాలి. హెల్మెట్ లేదని స్కూటరు ఆపిన పోలీసు కూడా వంగాడు. కొత్తవాళ్లు బిత్తరపోయి ఆమె పాదాల మీద పడబోయేవారు.

"నా కాళ్లకు కాదయ్యా, నీ కాళ్లకు నువ్వే మొక్కు!"

ఆపైన ప్రశ్నలు. "పొద్దున లేస్తే నడుము పట్టేస్తదా? మీ తాతది ఏ ఊరు? మీ అవ్వగారింట్ల ఎవరికన్న గట్ల ఉండెనా?" పెళ్లిసంబంధాలు కుదిర్చేవారు సైతం వంశాలను అంత లోతుగా తవ్వరు.

ఆమె మాత్రం ఏనాడూ వంగేది కాదు. కలం కిందపడితే ఎదుటివాడే తీసివ్వాలి. దేవుడికైనా నిలువు దండమే. "పెద్ద చదువు చదివినంక నడుమెట్ల వంగుతది?" అని వీధి అనుకునేది. గోడకు గోడ ఆనుకుని ఉండే పక్కింటి నేతగాడు మొగులయ్య అభిప్రాయమూ అదే.

మొగులయ్య పట్టు అంచును నూలు చీరకు పోగుపోగునా కలిపే తీరు గురించి ఎంతైనా చెప్పవచ్చు. కాని ఆనాడు అతని మనసు చీర మీద లేదు. కొడుకు రాకేష్‌ను చూడటానికి వనపర్తి నుంచి లహరి అనే పిల్ల తరఫువాళ్లు వచ్చారు. పొరుగువారిని పిలవకపోతే బాగుండదని డాక్టరమ్మనూ పిలిచి, "ఈ ఒక్క పూట ఎవ్వల్ని వంగుమనకమ్మా" అని బతిమాలుకున్నాడు. ఆమె మాట ఇచ్చింది.

అంతా సవ్యంగానే సాగింది. చివర పిల్ల నాయనమ్మ శారదమ్మ దీవించడానికి సిద్ధమై కాళ్లు ముందుకు చాపింది. రాకేష్ నిలబడే చేతులు జోడించాడు.

"ఏంది మొగులయ్యా, నీ కొడుకు నడుముల కట్టె పెట్టినవా? పెద్దమనిషికి మొక్కెతందుకు గింత పొగరా?" అంది శారదమ్మ.

"వంగురా!" అని మొగులయ్య పళ్లు నూరాడు.

"వంగొస్తలేదు నాయినా."

శారదమ్మ లేచి చెప్పులు తొడుక్కుంది. అప్పుడు ఈరమ్మ రాకేష్ దగ్గరికి వచ్చింది.

"పొద్దున నడుము బిగుసుకపోతదా? జర అటిటు తిరిగితే సదురుకుంటదా?"

"అవునమ్మా. మొద్దునిద్ర అని నాయిన తిడతడని చెప్పలే."

ఆమె అందరివైపు తిరిగింది. "ఇది పొగరు కాకపోవచ్చు. మన ఒంట్ల రోగాలతోని కొట్లాడే కావలివాండ్లుంటరు. తాతముత్తాతల కాడికెల్లి వచ్చిన జన్యువులను బట్టి ఒక్కో ఇంటికి ఒక్కో తీరు. అందరికీ ఒకే తీరుంటే ఒక్క కొత్త రోగానికి ఊరంత పడుతుండె. కాని కొందరి కావలోడు అప్పుడప్పుడు ఇంటోన్నే దొంగనుకొని కొడతడు, గప్పుడు ఎన్నుపూస కీళ్లు బిగుస్తయి. పరీక్షలు చేసినంకనే పేరు పెడదం."

"రోగమా? ఇంక మంచిగుంది!" అంది శారదమ్మ. "రోగిష్టోనికి పిల్లనియ్యాల్నా?"

"శారదమ్మా, నన్ను జర వంగుమను."

ఇంతకాలం ఆ మాట ఆమెతో అన్నవారు లేరు. శారదమ్మ తడబడుతూ, "వంగు" అంది. ఈరమ్మ వంగింది. వేళ్లు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి.

"నాకూ గిసొంటిదే. కొత్తకోడలికి పొగరని మా అత్త నాతోని ఏండ్లకేండ్లు మాట్లాడలే. రోగమని తెలిసెటాల్లకు ఎన్నుపూస అతుక్కపోయింది. పిల్లగానిది గదే అయితే జల్ది తెలిసినట్టు. మందులున్నయి, కసరత్తులున్నయి. మగ్గం నేస్తడు, సంసారం చేస్తడు. గిసొంటోళ్లు ఇంకెవరన్న పొగరుబోతులని పేరు మోస్తున్నరేమో అనే కద, అందర్నీ వంగుమంటున్న!"

మొగులయ్య తల దించుకున్నాడు. శారదమ్మ రాకేష్ నడుము వైపు చూసింది. చెప్పులు వదిలింది.

"కుర్చీ గట్టిగ పట్టుకోండ్రి."

ఆ డెబ్బై ఏళ్ల ముసలమ్మ ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, అక్కడినుంచి మగ్గం పక్కనున్న ఎత్తు బల్ల ఎక్కి నిలబడింది. ఇప్పుడు ఆమె పాదాలు రాకేష్ చేతులకు సరిగ్గా అందుతున్నాయి.

"ఇప్పుడు మొక్కు బిడ్డా. జల్ది, నాకు కండ్లు తిరుగుతున్నయి!"

కొన్నేళ్లకు నాగర్‌కర్నూల్ నుంచి, అప్పటికి అక్కడికి మారిపోయిన ఈరమ్మ రాసిన ఉత్తరం వచ్చింది.

"మొగులన్నకు నమస్కారం. లహరి నీకు మనుమరాల్ని కన్నదని విని సంతోషపడ్డ. తండ్రి రోగం బిడ్డకు వస్తదా అని రంధి పడుతున్నవట. ఆ జన్యువు వచ్చినా చానమందికి రోగం రాదు. పిల్లను దుంకనియ్యి, ఆడనియ్యి. ఇక్కడ కూడ అందరు నన్ను చూస్తే పక్కసందులకెల్లి పోతున్నరు. ఇగ ఈ కాగితం కింద పడెయ్యి. మోకాళ్లు మడవకుంట తియ్యి. వేళ్లు యాడిదాంక అందినయో తిరుగుటపాల రాయి."

మొగులయ్య చుట్టూ చూశాడు. ఎవరూ లేరని రూఢి చేసుకుని, కాగితం కింద పడేశాడు.