తడి తరుగు

నా చిన్నప్పుడు ప్రతి ఎండాకాలం మా ఇంట్లో ఒకే గొడవ జరిగేది. అమ్మబోయే చింతపండుకు నీళ్ళు చల్లాలా, వద్దా అని. చల్లాలనేది మా నాయన. వద్దనేది మా అవ్వ, అంటే నాయన తల్లి. ఊళ్ళో మరే ఇంట్లోనూ ఈ గొడవ లేదు. వాళ్ళంతా ఎప్పుడో చల్లడం మొదలుపెట్టి ప్రశాంతంగా ఉన్నారు.

మాది చిత్తూరుకూ పాకాలకూ మధ్య ఒక చిన్న పల్లె. వాన మొహం చాటేస్తే వేరుశనగ చేతికి వచ్చేది కాదు గానీ చింతచెట్లు మాత్రం అంతో ఇంతో కాసేవి. కాయలు దులిపి, పెంకు కొట్టి, నార లాగి, గింజ తీయడమంతా ఆడవాళ్ళ పని. రోజంతా అరుగుల మీద కూర్చుని చేసేవాళ్ళు. పులుపుకు వేళ్ళ సందులు ఒరుసుకుపోయి, రాత్రి అన్నం కలుపుకుంటే మంట పుట్టేది. అలా తయారైన పండును సంచుల్లోకి తొక్కి, బండ్ల మీద చిత్తూరు మండీకి, అంటే దళారి అంగడికి, తోలేవాళ్ళు.

మండీలో ఒక పద్ధతి ఉండేది. తూకం వేయగానే మండీ యజమాని ‘తడి తరుగు’ అని కొంత బరువు కోసేవాడు. పండులో నీళ్ళుంటాయి, ఎండితే బరువు తగ్గుతుంది, ఆ నష్టం కొన్నవాడి మీద పడకూడదు కాబట్టి ముందే కోత. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ కోత పొడి సంచికీ తడి సంచికీ ఒక్కటే. ఎటూ కోస్తాడు కదా అని మా ఊరివాళ్ళు బండి కట్టే ముందు సాయంత్రం పండు మీద ఉప్పునీళ్ళు చల్లేవాళ్ళు. వీళ్ళు చల్లుతున్నారని ఆయన ఇంకొంచెం కోసేవాడు. ఆయన కోస్తున్నాడని వీళ్ళు ఇంకో చెంబు పోసేవాళ్ళు. ఇది చాలదన్నట్టు, కొండమీది స్వామి పేరు చెప్పి ప్రతి సంచిలోంచి రెండు దోసిళ్ళ పండు తీసి మూలనున్న గంపలో వేసుకునేవాడు. ఆ గంప కొండెక్కడం ఎవరూ చూడలేదు. మార్కెట్ తూకాలు తనిఖీ చేసే ఉద్యోగి ఒకడు అప్పుడప్పుడూ వచ్చేవాడు. కాఫీ తాగేవాడు, పోతూ పోతూ ఒక చిన్న మూట చంకన పెట్టుకునేవాడు.

మా అవ్వ సాధువేమీ కాదు. ఊళ్ళో ఆమె అంత గట్టిగా బేరమాడే మనిషి లేదు. గాజులమ్మే అతను మా వీధిలోకి రావడానికి ముందు మా అవ్వ ఇంట్లో ఉందా లేదా అని వాకబు చేసేవాడు. లాభం రావాలని ఆమెకూ ఉండేది, అందరికంటే ఎక్కువగా ఉండేది. నీళ్ళు మాత్రం చల్లనిచ్చేది కాదు.

ఒక ఏడు మా చిన్నత్తకు తిరుపతిలో నర్సు చదువుకు సీటొచ్చింది. నాయనకు చెల్లెలు, అవ్వకు ఆఖరి బిడ్డ. మా ఇంట్లో గడప దాటి చదవబోయే మొదటి ఆడపిల్ల. చేర్చాలంటే చింతపండు మంచి ధరకు పోవాలి, వేరే దారి లేదు. ఆ ధర రాకపోతే సీటు ఇంకొకరికి పోతుంది, చిన్నత్త మళ్ళీ అరుగు మీద కూర్చుని గింజలు తీస్తుంది. ఇంట్లో అందరికీ ఆ విషయం తెలుసు. బండి కట్టే ముందు సాయంత్రం నాయన చెంబు పట్టుకుని వచ్చాడు.

“అమ్మా, ఈ ఒక్క ఏడే. ఆ పిల్ల మొహం సూడు. ఊరంతా చల్తా ఉండారు, మనమొక్కళ్ళమే పిచ్చోళ్ళమా?”

“చెంబు ఆడ పెట్రా,” అంది అవ్వ. “నువ్వు చల్లే ప్రతి చుక్కా వాడికి కత్తి చేతికిచ్చినట్టే.”

నాయన చెంబు పెట్టేశాడు. పెట్టేశాడనే మేమంతా అనుకున్నాం.

మరునాడు నేనూ మారాం చేసి బండెక్కాను. మండీలో ఎక్కడ చూసినా సంచులు, ఈగలు, పుల్లటి వాసన. ఒక పక్క మండీ యజమాని, ఆయనకెదురుగా వేలూరు నుంచి వచ్చిన వ్యాపారి కూర్చుని ఉన్నారు. ఇద్దరి చేతుల మీదా ఒక తువ్వాలు కప్పి ఉంది. ఆ తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్ళు. సరుకు తెచ్చిన రైతు పక్కనే నిలబడి ఆ తువ్వాలు కదలడం చూడాలి, అంతే. ఏం బేరం కుదిరిందో ఆ తరువాత యజమాని నోటితో చెప్పిందే ధర.

మా సంచులు తూగాయి. ఆయన అలవాటు ప్రకారం తరుగు కోయబోయాడు. అవ్వ కాటాకు అడ్డంగా వచ్చి నిలబడింది.

“కొయ్యొద్దని అనలా అప్పా. తడి ఉంటే కొయ్యి. యాడుండాది తడి? చెయ్యి పెట్టి సూడు.”

“సంచి సంచికీ చెయ్యి పెట్టేదానికి నాకు నూరు చేతులుండాయా అవ్వా? పద్ధతంటే పద్ధతే. నీకొక్కదానికి తీసేస్తే రేపు అందరూ వచ్చి కూచ్చుంటారు.”

“కూచ్చోనీ. అందరూ పొడి పండే తెస్తారు. నీకేం నొప్పి?”

“మాటలు బాగా నేర్చినావే!”

“చింతపండు నమిలే నోరు, చప్పగా యాడుంటాది?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అవ్వ నవ్వలేదు. తన సంచులన్నీ ఇదే మండీ వాకిట్లో ఎండబెడతానంది. పొద్దు వాలాక మళ్ళీ తూకం వేయాలి. ఏ సంచి ఎంత తగ్గితే ఆ సంచికి అంతకు రెండింతలు కోసుకోవచ్చు. తగ్గకపోతే దోసెడు కూడా ముట్టకూడదు, స్వామి పేరు చెప్పి కూడా. “దేవుడికి ఇయ్యాల్సింది నేను నడిచిపోయి ఇస్తా. నీ గంపలో నుంచి ఆయనకు దారి లేదు,” అంది. ఇంతమంది ముందు కాదంటే చిన్నతనమని ఆయన సరేనన్నాడు. నాయన మొహం అప్పుడే పాలిపోయింది. ఎండకనుకున్నాను నేను.

ఈత చాపలు పరిచి, ఏ సంచి పండు ఆ చాప మీద ఆరబోశాం. చిత్తూరు ఎండ సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. మిగతా ఊళ్ళ రైతులు కూడా పోకుండా నీడలో కూర్చుని ఏమవుతుందా అని చూశారు. పొద్దు వాలాక మళ్ళీ సంచులకెత్తి కాటాకు వేశారు. మొదటి సంచి పొద్దుటి బరువు దగ్గరే కదలకుండా నిలబడింది. తరువాతివీ అంతే. యజమాని గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు. ఆఖరి సంచి వేయగానే పండున్న తట్ట గాలిపటంలా పైకి లేచింది.

అవ్వ మెల్లగా తిరిగి నాయన వైపు చూసింది. నాయన నేల చూస్తున్నాడు. రాత్రి ఎప్పుడో లేచి ఆ ఒక్క సంచికి నీళ్ళు పట్టించాడు. చెల్లెలి చదువు కోసం చేసిన పని అది. ఆ సంగతి మండీలో మా ముగ్గురికే తెలుసు.

నా జీవితమంతా గుర్తుండిపోయింది మాత్రం ఆ తరువాత జరిగినది. మండీ యజమాని మొహం వెలిగిపోయింది. మోసం బయటపడితే మనిషికి కోపం రావాలి కదా? ఆయనకు పండగైంది. చప్పట్లు కొట్టి, “సూసినారా! అవ్వ కూడా మన మనిషే!” అన్నాడు. తమలపాకుల పళ్ళెం తెప్పించి అవ్వ ముందు పెట్టించాడు. పొద్దుటి నుంచి లేని మర్యాద ఆ తడి సంచి తెచ్చిపెట్టింది.

అవ్వ పళ్ళెం పక్కకు నెట్టింది. “ఈ సంచి తడిది. దీనికి రెండింతలు కొయ్యి, అన్న మాట మాటే. తక్కినవి పొడివి. వాటి మీద చెయ్యెయ్యొద్దు.”

ఆయన నవ్వు ఆరిపోయింది. “అదెట్ట కుదురుతాది? ఒకటి తడిదైతే అన్నీ తడివే.”

“ఒక పన్ను పుచ్చితే నోరంతా పీకేస్తావా అప్పా?”

అప్పుడు ఆయనకు నిజంగా కోపం వచ్చింది. గొంతు చించుకుని అరిచాడు. తడి సంచిని చూసి నవ్వినవాడు పొడి సంచుల్ని చూసి ఎందుకు అరుస్తున్నాడో నా చిన్న బుర్రకు ఆ క్షణంలోనే అందింది. ఆయనకు తడి పండే కావాలి. ఊళ్ళన్నీ నీళ్ళు చల్లితేనే ఆయన కత్తికి పని. మా వాళ్ళు ఆయన్ను మోసం చేస్తున్నామనుకున్నారు. నిజానికి ఆయన పొలానికి నీళ్ళు కడుతున్నారు.

అంతవరకూ నోరు విప్పని వేలూరు వ్యాపారి తువ్వాలు కింద నుంచి చెయ్యి బయటికి లాక్కున్నాడు. లేచి వచ్చి మా పొడి పండు పిసికి చూశాడు. “ఇదే కదమ్మా నాకు కావాల్సింది! ఏది తడిదో ఏది పొడిదో తెలీక అన్నిటికీ బూజు ధరే చెప్తా ఉండాను. నా గోడౌన్‌లో సగం బూజే,” అన్నాడు. తరువాత అందరికీ వినపడేలా ఒక ధర చెప్పాడు. మా పల్లెలో ఎవరూ ఎరగని ధర అది. అవ్వ దాన్నీ ఒప్పుకోలేదు, ఇంకొంచెం పెంచమని బేరం పెట్టింది, పెంచించింది.

ఇక నా గడప తొక్కొద్దన్నాడు మండీ యజమాని. అవ్వ తల ఊపి బండెక్కింది. దారిలో నాయనను ఒక్క మాట అనలేదు. ఆ తడి సంచిని మాత్రం అమ్మనివ్వలేదు, ఇంటికి తెప్పించింది. ఆ ఏడంతా మా ఇంట్లో పులుసు, చారు, పచ్చడి ఆ పండుతోనే. బూజు వాసనకు నాయన ముక్కు చిట్లించుకుని తినేవాడు. “ఇంకొంచెం పోసుకోరా, నువ్వు చేసిన సరుకే,” అనేది అవ్వ.

చిన్నత్త తిరుపతిలో చేరింది. నర్సయింది. మరుసటి ఏటి నుంచి మా పండు పాకాలలో రైలెక్కి కాట్పాడిలో దిగి వేలూరు పోయింది. మోత, టికెట్లు, ప్లాట్‌ఫారం మీద పడిగాపులు, అన్నీ అవ్వ భరించింది. ఊళ్ళో నాలుగిళ్ళవాళ్ళు ఆమె వెంట వచ్చారు, మిగతావాళ్ళు చెంబులు వదల్లేదు. కొన్నేళ్ళకు ఆ మండీ మూతపడింది. అవ్వ శాపం తగిలిందని ఊళ్ళో చెప్పుకున్నారు. శాపాలకు మండీలు మూతపడవు. బూజు పట్టిన సరుకు కొని కొని వేలూరు వాళ్ళు రావడం మానేశారు, అందుకు మూతపడింది.

మొన్న మా తమ్ముడి మనవడు ఇంటికొచ్చాడు. సత్యవేడు దగ్గర ఒక ఫ్యాక్టరీలో కొనుగోళ్ళు చూస్తాడు, తెలివైనవాడు. “ఆశ లేకపోతే ఈ వ్యవస్థ నడవదు తాతా. ఇంజనుకు ఆశే డీజిలు, లంచం నూనె. చెయ్యి తడిపితే లారీ కదుల్తుంది, లారీ కదిలితే పది మందికి పని,” అన్నాడు. ఈ మాట వాడొక్కడిది కాదు, పెద్ద పెద్ద చదువులవాళ్ళు కూడా సూటు వేసుకుని ఇదే చెబుతున్నారు.

నేను ఒప్పుకోను. ఆశ వేరు, కన్నం వేరు. ఎక్కువ ధర కోసం మా అవ్వ మండీలో కొట్లాడింది. అది ఆశ, దాని వల్ల పండు పొడిగా తయారైంది. పండులో నీళ్ళు పోసి బరువు పెంచితే ఏమీ తయారు కాదు. ఒకరి సంచిలోది ఇంకొకరి సంచిలోకి పోతుంది, దారిలో కొంత కుళ్ళుతుంది. వ్యాపారమంతా ధర మీద నిలబడుతుంది. ధర అంటే ఈ సరుకు ఎంత మంచిదో, దాని వెనుక ఎంత పని ఉందో చెప్పే మాట. ఆ మాట అబద్ధమైన రోజున మంచి సరుకు చేసేవాడు పిచ్చివాడవుతాడు. వాడు కూడా మానేస్తే మిగిలేది ఏమిటి? కూలే వంతెన, పని చేయని మందు, బూజు. లంచం ఇచ్చినవాడి లారీ కదిలింది సరే, ఇవ్వనివాడి లారీని ఆపింది ఎవరు? ఆపడం చేతనైనవాడే కదిలించినందుకు కూలి అడుగుతాడు. దాన్ని నూనె అనడం ఆ ఇంజనుకే అవమానం. పెట్టుబడి వ్యవస్థకు నేను భక్తుణ్ణి కాను. దాని భక్తులకే చెబుతున్నాను, మీ దేవుణ్ణి మీరే తినేస్తున్నారు.

వాడు నవ్వి, “అందరూ చేసేదే కదా తాతా,” అన్నాడు.

అవ్వ దగ్గర నేను నేర్చుకున్నది అక్కడే పనికొస్తుంది. ఆమె నాకు నిజాయితీ గురించి ఎప్పుడూ పాఠం చెప్పలేదు. ఒక ప్రశ్న ఇచ్చిపోయింది. అందరూ చేసేదే అని ఎవరన్నా అన్నప్పుడు, అందరూ అలా చేయడం ఎవరికి కావాలి? ఎవరి కడుపు నిండడానికి మనందరం కొంచెం కొంచెం దొంగలం కావాలి? మా వాడిని అదే అడిగాను. ఇంకా ఆలోచిస్తున్నానని ఫోన్ చేశాడు. పోయిన వారం పొలం కాగితాల కోసం ఒక ఆఫీసుకు పోతే అక్కడి మనిషి చెయ్యి తడపమన్నాడు, అందరూ చేసేదే కదా అని అతనూ అన్నాడు. క్యూలో ఉన్న అందరికీ వినిపించేలా అతన్నీ అదే అడిగాను. అతను తల దించుకుని ఫైలు తిరగేశాడు. నా పని కాలేదు. రేపు మళ్ళీ పోతాను.