నాన్న మీసం తీయించుకున్న రోజు

మా చిన్నప్పుడు... ఓ మధ్యాహ్నం మా తాతయ్య పోయారని సగం ఊరు మా ఇంటికొచ్చేసింది. తాతయ్య మాత్రం నిక్షేపంగా కైకలూరు బస్సులో, కొర్రమీనుల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని ఇంటికొస్తున్నారు.

దానికంతటికీ కారణం మా నాన్న మీసం...

మాది గణపవరం పక్కన పల్లెటూరు. ఏటా అమ్మవారి తీర్థానికి ఊళ్ళో వాళ్ళే పద్యనాటకం వేసేవారు. అందులో రాణి వేషానికి ఏలూరు నుంచి ఒకావిడ వచ్చేది. ఆ ఏడాది నాటకం రోజునే ఆవిడ జ్వరంతో రాలేనని కబురు పంపింది. అందరూ నాన్నని పట్టుకున్నారు. కోల మొహం, మంచి గొంతు, పైగా నాటకం మొత్తం నోటికొచ్చు. చేలో నీళ్ళు పెడుతూ కూడా రాణి పద్యాలే పాడుకునేవాడు. అడగడమే ఆలస్యం, సైకిలెక్కి గణపవరం వెళ్ళి మీసం తీయించేసుకున్నాడు.

మా వైపు తండ్రి పోతేనే మీసం తీస్తారు. ఆయన బతికుండగా తీయకూడదంటారు. నాన్నకి తెలియక కాదు... రాణి వేషం వచ్చిందన్న సంతోషంలో అసలు గుర్తే రాలేదు.

తాతయ్యేమో దగ్గు పట్టుకుని ఉండగానే మా అత్తయ్యని చూడ్డానికి కైకలూరు వెళ్ళారు. నున్నటి మూతితో సైకిల్ మీద వస్తున్న నాన్నని చూసినవాళ్ళు ఇంకేమనుకుంటారు? నాన్న ఇంటికి రాకుండా తిన్నగా నాటకం పాకలోకి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళంతా మా ఇంటికొచ్చి, అంట్లు తోముతున్న అమ్మని కావలించుకుని ఏడుపు మొదలెట్టారు. ఎవరు పోయారో అమ్మకి తెలీదు. అయినా ఆ బూడిద చేతులతోనే తనూ ఏడ్చేసింది.

అంతలో తాతయ్య వచ్చారు. గుమ్మంలో జనాన్ని చూసి, "ఎవరమ్మా పోయింది?" అనడిగారు. పక్కింటి మామ్మగారు కొంగు అడ్డం పెట్టుకుని, "మీరేనండి..." అంది.

ఇది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. తర్వాత జరిగింది తలుచుకుంటే రాదు.

సంగతి తెలిసి తాతయ్య పాక దగ్గరికి నడిచారు. వెనకాలే నేను. నాన్న అద్దం ముందు కూర్చుని ఉన్నాడు. మొహానికి పచ్చటి రంగు, పెదాలకి ఎరుపు, ఒక కంటికి కాటుక పెట్టడం అయింది. మా నాన్న అంత అందంగా ఉంటాడని అప్పటిదాకా నాకు తెలీదు. తాతయ్య కేకలేమీ వేయలేదు. "నేను పోయాక వేసుకో నాయనా, ఆ వేషం" అని వెనక్కి తిరిగిపోయారు.

నాన్న రెండో కంటికి కాటుక పెట్టించుకోలేదు. కొబ్బరినూనెతో మొహమంతా తుడిచేసుకున్నాడు. మళ్ళీ ఆ పాక గుమ్మం తొక్కలేదు, చేలో పద్యాలూ పాడలేదు.

చాలా ఏళ్ళకి తాతయ్య నిజంగానే పోయారు. నాన్న మళ్ళీ మీసం తీయించుకున్నాడు. ఆ మైలరోజుల్లో ఓ పొద్దున్న నాన్న అద్దం ముందు నిలబడి, మూతి తడుముకుంటూ, సన్నగా రాణి పద్యం పాడుకోవడం విన్నాను. అప్పటికి ఊళ్ళో నాటకాలే లేవు...

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే... ఇవాళ తాడేపల్లిగూడెంలో మా అబ్బాయి నిశ్చితార్థం. వాడు మీసం తీసేశాడు. మేకప్ చేసే కుర్రాణ్ణి ఇంటికి పిలిపించుకున్నాడు. మొహానికి ఫౌండేషన్, ఆపైన కళ్ళకి కాటుకట. పొద్దున్న అది చూసి మా వారు, "నిశ్చితార్థానికా, నాటకానికా? నేను బతికే ఉన్నాను కదా! వాడు మొహం కడుక్కుంటేనే నేను కారెక్కేది" అని వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. మా పెళ్ళికి బుగ్గన చుక్క, కాళ్ళకి పారాణి, నాకంటే మందంగా పౌడరు పెట్టించుకున్న మనిషే ఈయన. ఆ ఫోటో తెచ్చి చూపిద్దామా అని లేస్తాను... ఇవాళ గొడవెందుకని కూర్చుంటాను. మళ్ళీ లేస్తాను. గదికీ వరండాకీ మధ్య తిరిగి తిరిగి కాళ్ళు లాగేస్తున్నాయి.

ఇందాక వరండాలో ఈయన కేకలు విని మావాడు మేకప్ మధ్యలోనే లేచిపోయాడు. "వద్దులేమ్మా, కడిగేసుకుంటాను" అన్నాడు. చూస్తే ఒక కంటికే కాటుక ఉంది.

నాన్న రాత్రే ఊరి నుంచి వచ్చాడు. సోఫాలో కునుకు తీస్తున్నాడనుకున్నాను. కర్ర పట్టుకుని మెల్లగా లేచి వచ్చి, మావాడి భుజం మీద చెయ్యి వేసి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"కూర్చోరా. రెండో కంటికీ పెట్టించుకుని లే."

వరండాలోకి వినబడేలాగే అన్నాడు. ఆ కుర్రాడు కాటుక పెడుతున్నంతసేపూ నాన్న అద్దంలోకి చూస్తూ అక్కడే నిలబడ్డాడు. నాన్న పెదాలు మెల్లగా కదులుతున్నాయి...

కారు వచ్చి గుమ్మంలో ఆగింది. మా వారింకా పేపరు దించలేదు. కానీ ఇందాకట్నుంచీ పేజీ తిప్పడమూ లేదు.

ఇప్పుడు మీసం తీస్తే ఎవరూ ఏడవడానికి రారు. అలిగి కూర్చునేవాళ్ళు మాత్రం ఇంటికొకరు మిగిలారు. మీ ఇళ్ళల్లో ఇలాంటప్పుడు ముందు ఎవరు దిగొచ్చారో కాస్త చెప్పండి... నాకిప్పుడు చాలా అవసరం.