నాలుగో బిడ్డకు లేయా పెట్టిన పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పసిబిడ్డ కొన్నాళ్ళ పాటు పేరు లేకుండానే పెరిగింది. ఆ బిడ్డ మా ఆఖరి చెల్లెలు.

ధర్మపురికి అవతల, గోదావరికి దగ్గరగా ఉండేది మా ఊరు. నిజాం రాజ్యం పోయి అప్పటికి కొద్ది ఏళ్ళే అయింది. మా తాతల కాలంలోనే మిషనువాళ్ళ దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలు మావి. వాడ మధ్యలో గడ్డి కప్పిన చిన్న చర్చి ఉండేది.

మేము ముగ్గురం ఆడపిల్లలం. నేను మూడోదాన్ని. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. అవ్వ మళ్ళీ నీళ్ళోసుకున్నప్పుడు ఈసారి కొడుకేనని బాపు తల్లి, మా బాపమ్మ, ఊరంతా చెప్పుకుంది. చనిపోయిన మా తాత పేరే పెట్టాలని కూడా తేల్చేసింది. తీరా ఒక తెల్లవారుజామున మంత్రసాని బయటకొచ్చి ఆడపిల్ల అని చెప్పేసరికి అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. పంచడానికి తెచ్చిన బెల్లాన్ని బాపమ్మ మళ్ళీ అటక మీద పెట్టేసింది. బాపు పార భుజాన వేసుకుని పొలానికి వెళ్ళిపోయాడు.

అవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. బిడ్డ ఏడిస్తే పాలిచ్చేది, అంతే. ముద్దు చేసేది కాదు, మాతో మాట్లాడేది కాదు. చూడడానికి వచ్చిన పక్కింటి పెద్దమ్మ, "చాలమ్మ అని పెట్టుండ్రి. ఇగ ఆడివిల్లలు చాలని దేవునికి ఎరుకైతది" అని సలహా చెప్పింది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నేను పుట్టినప్పుడు కూడా వీళ్ళందరూ ఇలాగే ముఖాలు వేలాడేసుకున్నారా అనిపించింది. అడగడానికి భయపడి, ఉయ్యాల పక్కన కూర్చుని చెల్లెలి వేలు పట్టుకునేదాన్ని.

అలా ఉండగా, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం బైబిలమ్మ వచ్చింది. ఊరూరా నడిచి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే ఆమెను మేమంతా అలాగే పిలిచేవాళ్ళం. తెల్లచీర, నల్లగొడుగు, ఇల్లు అదిరేలా నవ్వు. అవ్వను ఓదారుస్తుందనుకున్నాం. ఓదార్చలేదు. ఉయ్యాలలోని బిడ్డను ఒళ్ళోకి తీసుకుని, మా ముగ్గురినీ వరుసగా నిలబెట్టింది.

"ఇప్పటి సంది మీరు ముగ్గురు మగపోరగాండ్లు" అంది. మేము పకపకా నవ్వేశాం.

వెనకటికి యాకోబు అనే గొర్ల కాపరికి ఇద్దరు భార్యలట, అక్కాచెల్లెళ్ళు. అతనికి చిన్నామె అంటే ప్రాణం. పెద్దామె లేయాను కన్నెత్తి చూసేవాడు కాదు. లేయాకు తొలిచూలు కొడుకు పుట్టాడు. దేవుడు నా బాధ చూశాడు, ఇక నా భర్త నన్ను ప్రేమిస్తాడు అనుకుని రూబేను అని పెట్టింది. బైబిలమ్మ మా పెద్దక్క తల మీద చెయ్యి వేసి, "నువ్వు రూబేను. 'చూడుండ్రి' అని ఒర్రు" అంది. అక్క గట్టిగా అరిచింది. రెండోవాడు షిమ్యోను, భర్త ప్రేమ లేదన్న నా మొర దేవుడు విన్నాడని. చిన్నక్క "ఇనుండ్రి!" అని అరిచింది. మూడోవాడు లేవి, ఇకనైనా భర్త నన్ను హత్తుకుని ఉంటాడని. నేను వెళ్ళి బైబిలమ్మ మోకాళ్ళను చుట్టుకున్నాను.

"మరి అత్తుకున్నడా?" అని చిన్నక్క అడిగింది.

"లేదు బిడ్డా. మూడు పేర్లల్ల మూడుసార్లు మొగని దిక్కే చూసింది. నాలుగో బిడ్డ పుట్టినంక ఆ చూసుడు బందు పెట్టింది. గీసారి దేవుణ్ణి స్తుతిస్త అన్నది. యూదా అని పేరు పెట్టింది. యూదా అంటే స్తుతి. మనం స్తోత్రం అంటం సూడు, అది."

అప్పుడు గోడవైపు నుంచి అవ్వ గొంతు వినిపించింది. "ఆమెకు పుట్టినోళ్ళు కొడుకులు గదా అక్కా."

"కొడుకులే చెల్లె. ముగ్గురు కొడుకులను ఒళ్ళె పెట్టుకొని గూడ ఏడ్చింది గదా? ఆమె ఏడుపు కొడుకులతోని పోలే."

ఇంతలో వంటింట్లోంచి బాపమ్మ వచ్చి నిలదీసింది. "యూదా అంటివి. గది ప్రభువును పట్టిచ్చినోని పేరు గాదా? పసిపొల్ల ముంగట గా పేరెందుకు?"

బైబిలమ్మ ఇల్లదిరేలా నవ్వింది. "ఒక్కడు బొక్కెన కడగక ముంచితె బాయి పూడ్చుకుంటమా అత్తా? గా పేరు వానికంటె ముందుది. తల్లి కొడుకుకు పెట్టింది. ఆ కొడుకు పిల్లలంత యూదా గోత్రమైన్రు. వాళ్ళున్న దేశం యూదయ అయింది. దావీదు రాజు గా గోత్రమే, మన ప్రభువు పుట్టింది గా గోత్రంలనే. గంతటికి మొదలు ఒక బాలింత నోట్లె మాటే."

అవ్వ మెల్లగా ఇటు తిరిగింది. లేచి కూర్చుని చేతులు చాచింది. బిడ్డను గుండెలకు ఆనించుకుని చాలాసేపు చూసింది. తరువాత ఎవరినీ అడగకుండా, "నా బిడ్డ స్తోత్రమ్మ" అంది. చెప్తూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. మేము ముగ్గురం మంచం మీదికి ఎగబాకాం. బాపమ్మ "పిలువనీకె మంచిగనే ఉన్నది" అని బెల్లం దించడానికి అటక కింద నిచ్చెన వేసింది.

సాయంత్రం బాపు వాకిట్లో కాళ్ళు కడుక్కుంటుంటే అవ్వే బిడ్డను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "పేరు పెట్టిన. స్తోత్రమ్మ" అంది, మెచ్చుకోమని అడగలేదు. ఆయన తడికాళ్ళతో అక్కడే నిలబడి ఆ పేరు నోట్లో ఒకటికి రెండుసార్లు పలికి చూసుకున్నాడు. బాప్తిస్మం నాడు పాస్టరు అయ్యగారు బిడ్డ పేరేమిటని అడిగితే, ఎప్పుడూ గొంతు పెగలని మా బాపు చర్చి మొత్తానికి వినపడేలా చెప్పాడు.

ఆ పేరుతో మాకు నవ్వులే నవ్వులు. చెల్లెలికి మాటలొచ్చాక, ప్రార్థనలో అయ్యగారు "స్తోత్రం" అన్నప్పుడల్లా తననే పిలిచారనుకుని "ఓ!" అని పలికేది. సభంతా నోటికి కొంగులు అడ్డం పెట్టుకునేది.

ఇప్పుడు నేను ముసలిదాన్ని. మా బంధువుల్లో ఎవరికి కాన్పు అయినా నన్ను తీసుకుపోతారు. ఆస్పత్రి గదిలో అందరూ ఉయ్యాల చుట్టూ మూగి ఉంటారు. నేను మాత్రం ముందు మంచం దగ్గరకు పోయి, తల్లి తల నిమిరి, "నీ మనసుల ఏ పేరున్నది బిడ్డా?" అని అడుగుతాను. ఆమె నోరు తెరిచి చెప్పేదాకా అక్కడే కూర్చుంటాను.