మూడో వరుస, నాలుగో బండ

బస్సెక్కగానే నలభై మందికీ పసుపుపచ్చ టోపీలు పంచారు. మహానగరంలో ఎవరైనా తప్పిపోతే కనిపెట్టడానికి వీలుగా ఉంటుందట. మండుటెండలో పనిచేస్తూ కూడా నెత్తిన గుడ్డ చుట్టుకోని మొండిమనిషి మట్టం మేస్త్రి. ఆయన ఆ టోపీని ఒళ్ళో పెట్టుకుని అంచు నలుపుతూ కూర్చున్నాడు. పక్కన కిటికీ దగ్గర ఆయన తమ్ముడి భార్య. ఆమె టోపీని బుద్ధిగా పెట్టుకుని, గడ్డం కింద రబ్బరు కూడా లాక్కుంది. పిల్లల ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే మనిషి కదా, చెప్పిన పని చెప్పినట్టు చేయడం ఆమెకు అలవాటు.

ఆ మహానగరాన్ని చూడనివాళ్ళు ఉంటారేమో కానీ, దాని బొమ్మ చూడనివాళ్ళు ఉండరు. బిస్కెట్ డబ్బాల మీద, తాళంగుత్తుల మీద, పిల్లల నోటుపుస్తకాల అట్టల మీద ఎక్కడ చూసినా అదే టవర్. ఆ టవర్ చిట్టచివరి అంతస్తుకి బండలు పరిచిన జట్టులో మట్టం మేస్త్రి ఒకడు, ఆయన తమ్ముడు ఒకడు. పంతొమ్మిదేళ్ళ కిందట ఆ అంతస్తు మీద నుంచే పడి తమ్ముడు పోయాడు. అప్పట్నుంచి మేస్త్రి ఆ నగరం వైపు తలపెట్టి కూడా పడుకోలేదు.

ఇప్పుడు వెళ్తున్నాడంటే తమ్ముడి కూతురి చలవ. ఇరవయ్యో ఏడు వస్తూనే ఉద్యోగంలో చేరింది. చేరీ చేరగానే అమ్మకీ పెదనాన్నకీ ఈ టూరులో రెండు సీట్లు తీసింది. "మీరు తోడుంటేనే అమ్మ వెళ్తానంటోంది పెదనాన్నా. నాన్న చెయ్యి ఎక్కడుందో మీరే చూపించాలట" అంది. ఆ మాట వినగానే మేస్త్రి ఇష్టం లేకపోయినా తలూపాడు. కాదనడానికి ఒక్క సాకూ దొరకలేదు.

అక్కడ ఏ చెయ్యీ లేదు. ఆ సంగతి తనొక్కడికే తెలుసని మేస్త్రి నమ్మకం. తమ్ముడి సంచీ పట్టుకుని ఆయన ఇంటికొచ్చిన రోజుకి, మరదలు గోడకు ఆనుకుని కూర్చుని మూడు రోజులైంది. ఏడవలేదు, మాట్లాడలేదు, మెతుకు ముట్టలేదు. ఏడాది నిండని బిడ్డ పక్కన గుక్కపట్టి ఏడుస్తున్నా తల తిప్పలేదు. ఇలా అయితే ఈ పిల్ల కూడా దక్కదని భయమేసి మేస్త్రి నోటికొచ్చింది చెప్పేశాడు. "ఆ రోజు పొద్దున వాడు తడి సిమెంటు మాలులో అరచెయ్యి అద్దాడమ్మా. నా కూతురు పెద్దయ్యాక వచ్చి దీనిమీద నిలబడాలి అన్నా, అన్నాడు. దానిమీద నా చేత్తోనే బండ వేశాను. కిటికీ నుంచి మూడో వరుస, నాలుగో బండ." ఆమె అప్పుడు మొదటిసారి తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. ఆ సాయంత్రం నాలుగు ముద్దలు తింది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది ఏ తాపీమేస్త్రి విన్నా పగలబడి నవ్వే అబద్ధం. బండ కింద మాలు ఎక్కడా వెలితి లేకుండా నిండాలి. అరచెయ్యంత గుంట ఉందంటే, తట్టగానే డొల్ల మోత మోగుతుంది. ఎవడో ఒకడు మడమ గట్టిగా వేసిన రోజున పగిలి ఊరుకుంటుంది. జీవితమంతా ప్రతి బండనీ చెక్కసుత్తితో తట్టి చెవి ఒగ్గి విన్న మనిషి, పోయి పోయి ఈ మాట చెప్పాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆడపిల్ల, నెత్తిన మాలుతట్టలు మోసింది కానీ బండ వేసిందా పాడా, దానికేం తెలుస్తుందిలే అనుకున్నాడు.

అంతకంటే పెద్దది ఇంకొకటి దాచాడు. తమ్ముడు పోయిన రోజు సాయంత్రం పని ముగించి అందరూ కిందికి దిగాక మేస్త్రికి తన రసమట్టం గుర్తొచ్చింది. నేల సమంగా ఉందో లేదో బుడగతో చెప్పే ఆ కొలబద్దని పైనే వదిలేశాడు. "పోయి పట్టుకురారా, మంచులో తడిస్తే పాడవుతుంది" అని తమ్ముణ్ణి పంపాడు. మసక చీకటి పడుతోంది. తూర్పు మూల అద్దాలింకా బిగించలేదు, అడ్డంగా తాడొకటి కట్టి వదిలేశారు. పనయ్యాక వాడు పైకెందుకు వెళ్ళాడని కంపెనీవాళ్ళు అడిగితే మేస్త్రి "తెలీదు" అన్నాడు. ఇంట్లోనూ అదే అన్నాడు. కట్టుకున్న భార్యకు కూడా నిజం చెప్పలేదు.

ఆ పనిముట్టు మళ్ళీ ముట్టుకోలేదు కూడా. నేల వాటం చూడాలంటే నీళ్ళు నింపిన గొట్టం పట్టుకుంటాడు. జట్టువాళ్ళు అదో చాదస్తం అనుకున్నారు. ఎవరింటికెళ్ళినా టీ కప్పు నేలమీద పెట్టి, టీ ఎటు వాలిందో చూసి, "ఈ మూల అరంగుళం దిగిందండీ" అనే మనిషికి మట్టం మేస్త్రి అనే పేరు మాత్రం ఊళ్ళో స్థిరపడిపోయింది. ఎవరైనా ఆ పేరుతో పిలిచినప్పుడల్లా తమ్ముడు గుర్తొచ్చేవాడు.

అందుకే బస్సులో ఆయనకు కంటిమీద కునుకు లేదు. పైకి వెళ్ళాక ఆమె ఆ బండ చూపించమంటుంది. చూపించాలి, ఆమె నమ్మాలి. నమ్మకపోతే ఇన్నేళ్ళుగా ఆమె పట్టుకుని బతికిన ఊతం విరుగుతుంది. ఆ తర్వాత, ఇది అబద్ధమైతే ఇంకేమేం దాచారని అడుగుతుంది. ఆ ప్రశ్నకు తన దగ్గర రెండో అబద్ధం లేదు.

మహానగరంలో గైడమ్మాయి ఎర్ర గొడుగు ఎత్తిపట్టుకుని ముందు నడిచింది. నలభై పసుపు టోపీలు వెనకాల పరిగెత్తాయి. వంతెన చూపించింది, పాత కోర్టు చూపించింది, మ్యూజియంలో రాజుల బూట్లు చూపించింది. రిటైరైన లెక్కల మేష్టారొకాయన వంతెనకు ఎన్ని బోల్టులున్నాయని అడిగి ఆ అమ్మాయి ప్రాణం తోడేశాడు. అందరూ కెమెరాలు నొక్కుతుంటే మరదలు మాత్రం ఏ వీధిలో ఉన్నా టవర్ వైపే మెడ తిప్పి చూసింది.

"సూదిలా ఉంటుందని ఆయన ఫోన్లో చెప్పేవారండీ. ఇదేంటి, ఇంత లావుగా ఉంది?" అంది.

"దూరం నుంచి సూదేనమ్మా" అన్నాడు మేస్త్రి.

టవర్ ముందు రెండు గంటలు వరుసలో నిలబడ్డారు. అప్పట్లో ఇనుప చువ్వల బోనులో, ఇసుక బస్తాల మీద కూర్చుని పైకెళ్ళేవాళ్ళు. ఇప్పుడు లిఫ్టులో అద్దాలు, మెత్తటి పాట. చెవులు దిబ్బడ వేసేలోపే తలుపులు తెరుచుకున్నాయి. జనమంతా అద్దాల వైపు పరిగెత్తితే మేస్త్రి తలొంచి నేలకేసి చూశాడు. అవే బండలు. పంతొమ్మిదేళ్ళుగా లోకమంతా తొక్కి తొక్కి నున్నగా మెరుస్తున్నాయి. ఒక్కటి పగల్లేదు, ఒక్కటి కుంగలేదు. ఆయన ఛాతీ ఒక్క క్షణం పొంగింది. మరుక్షణం, నీకు సిగ్గుందా అని తనను తానే తిట్టుకున్నాడు.

"ఏ కిటికీ బావగారూ?" అంది మరదలు.

నాలుగు వైపులా కిటికీలే. అబద్ధం చెప్పిన రోజున ఆ సంగతే తట్టలేదు. తూర్పు మూలకు వీపు తిప్పి, పడమటి వైపు వేలు చూపించాడు. ఆమె చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. అద్దం దగ్గర నుంచి మూడో వరుసకు వచ్చి, ఒకటీ రెండూ మూడూ అని పాదంతో లెక్కపెట్టుకుంటూ నాలుగో బండ దగ్గర ఆగింది. అంత జనం మధ్యలో చతికిలబడి దానిమీద అరచెయ్యి పెట్టింది. జనం ఆమెను తప్పుకుంటూ వెళ్తున్నారు. గండం గడిచిందని మేస్త్రి ఊపిరి వదిలాడు.

అప్పుడామె వేళ్ళు మడిచి బండని తట్టింది. చెవి దగ్గరగా వంచి మళ్ళీ తట్టింది. నాలుగు మూలలా తట్టి, చివరికి నడిమధ్యన తట్టింది. ఎక్కడా తడబడలేదు. పనివాళ్ళు తట్టే పద్ధతే అది.

"గట్టిగా ఉంది బావగారూ" అంది ఆమె.

"బాగా కుదిరిందమ్మా..."

"చెయ్యి ఉంటే డొల్ల పలకాలి కదండీ."

ఆమె తలెత్తకుండానే చెప్పింది. "ఆయనకి ఎడమ చెవి సరిగ్గా వినబడేది కాదు. మీతో చెబితే పనిలోంచి తీసేస్తారని భయం. ఊళ్ళో పనుల్లో ఆయన బండ వేస్తే, మీరు చూడకుండా తట్టి చూసి చెప్పేది నేనే. నాలుగేళ్ళు అదే పని నాకు."

"అంటే నేను చెప్పిన రోజే..."

"ఆ రోజే తెలుసు."

"మరి అన్నం తిన్నావు కదమ్మా!"

"మీరు వలవలా ఏడుస్తూ చెప్పారు. నేను తినకపోతే మీరు కూడా పోయేలా ఉన్నారు. అందుకే తిన్నాను."

మేస్త్రి ఆమె పక్కనే నేలమీద కూలబడ్డాడు. తను ఆమెను బతికించానని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. ఇప్పుడు చూస్తే ఆ నాలుగు ముద్దలూ తన కోసం మింగినవి. ఎర్ర గొడుగు అమ్మాయి కంగారుగా వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగితే, బాగానే ఉందని ఆమే నవ్వి పంపించింది.

"తెలిసీ ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా?" అన్నాడు మేస్త్రి.

"మిమ్మల్ని ఒక్క మాట అడగాలని. ఇంట్లో అడిగితే తెలీదంటారు. ఇక్కడైతే అనలేరనుకున్నాను." ఆమె చెప్పులు పక్కన పెట్టింది. "పనయ్యాక ఆయన మళ్ళీ పైకెందుకొచ్చారు బావగారూ?"

మేస్త్రి లేచాడు. ఆమెను తూర్పు మూలకు తీసుకెళ్ళాడు. అక్కడిప్పుడు ఫోటోలు తీసే కౌంటరుంది. అద్దానికి వీపు ఆనించి చేతులు చాపితే ఆకాశంలో ఎగురుతున్నట్టు ఫోటో వస్తుందట. లెక్కల మేష్టారు టోపీ తిరగేసి పెట్టుకుని, చేతులు బార్లా చాపి నవ్వుతున్నాడు. మేస్త్రి ఆయన కాళ్ళ దగ్గర నేలని చూపించాడు.

"ఇక్కడేనమ్మా. అప్పుడు అద్దం లేదు, ఉత్త తాడు. నేనే పంపాను వాణ్ణి. నా రసమట్టం ఇక్కడ మర్చిపోయి, పోయి తెమ్మన్నాను. దానికోసం పంపి చంపాను. అది ఎవరికీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు." ఇన్నేళ్ళ మాట ఒక్క గుక్కలో వచ్చేసింది. ఆమె కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

ఆమె కొట్టలేదు. ఆయన ముంజేయి గట్టిగా పట్టుకుంది. "మీరు తెమ్మంటేనే వచ్చారా? తనంతట తాను రాలేదా?"

"లేదమ్మా. కింద టీ తాగుతున్నాడు. విసుక్కున్నాడు కూడా. సగం టీ గ్లాసు నా చేతిలో పెట్టి, 'చల్లారనివ్వకన్నా, ఇట్టే వచ్చేస్తా' అని వెళ్ళాడు."

"వచ్చేస్తానన్నారా?"

"అన్నాడమ్మా."

"మళ్ళీ చెప్పండి."

"ఇట్టే వచ్చేస్తా అన్నాడు."

ఆమె అద్దం కింది గట్టు మీద కూర్చుని, టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ టోపీ వెనక నుంచే మాట్లాడింది. "ఆ మధ్యాహ్నం ఫోన్ చేశారు బావగారూ. బిడ్డ మొదటి పుట్టినరోజుకి సెలవు దొరకలేదు, రాలేనన్నారు. నాకు ఒళ్ళు మండింది. రావద్దు, ఇక ఎప్పటికీ రావద్దు, మీరున్నా ఒకటే లేకపోయినా ఒకటే అని ఫోన్ పెట్టేశాను. రాత్రికి ఆ కబురొచ్చింది. పనయ్యాక ఒంటరిగా పైకెళ్ళాడట, ఎందుకో ఎవరికీ తెలీదట అన్నారు. నాకు మాత్రం తెలుసనుకున్నాను."

తను దాక్కోవడానికి చెప్పిన ఆ "తెలీదు" అనే మాట ఆమె ఇంట్లో ఏం చేసిందో మేస్త్రికి అప్పుడు అర్థమైంది. "అమ్మా, నువ్వు... వాడు దూకాడనుకున్నావా?"

"నా మాటకే దూకారనుకున్నాను. పంతొమ్మిదేళ్ళూ అదే అనుకున్నాను."

ఆయన క్షమించమని అడగాలనుకున్నాడు. ఏమని అడుగుతాడు? పంపినందుకా, చెప్పనందుకా? పంపడం పొరపాటు. చెప్పకపోవడం రోజూ పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, మళ్ళీ కొత్తగా చేసిన పని. వెనక కౌంటరు దగ్గర ఎవరో నవ్వండి నవ్వండి అంటున్నారు.

"పిల్లకి ఒక్క పుట్టినరోజు కూడా చెయ్యలేదు బావగారూ" అంది ఆమె. "ఆ రోజు వస్తోందంటేనే నాకు పిచ్చెక్కేది. పక్కింటి పిల్లలకి చేస్తున్నారు, నాకెందుకు చెయ్యవని ఏడిస్తే వాతలు తేలేలా కొట్టేదాన్ని. ఆరేళ్ళు కూడా లేవు దానికి. తర్వాత అదే అడగడం మానేసింది."