నలిగిన పేజీలు

తిరువూరు బస్టాండు ఎదుట రామనాథం పుస్తకాలు బైండు చేసేవాడు. చదివింది పదో తరగతే. 2003లో ఓరోజు డిగ్రీ చదివే కూతురు శర్వాణి దుకాణానికొచ్చి కూలబడింది.

"రేపే నాన్నా, వక్తృత్వ పోటీ. చదువు మన యూనివర్సిటీల్లో గొప్పా, ఇంగ్లండులోనా అంట. ఏం చెప్పాలో తోచట్లేదు."

రామనాథం బైండింగుకొచ్చిన రెండు ఫిజిక్సు పుస్తకాలు ఆమె ముందు పెట్టాడు. ఒకటి ఇక్కడి కాలేజీది. ఇంకోటి ఇంగ్లండు యూనివర్సిటీ లైబ్రరీ పాతదని అమ్మేస్తే చేతులు మారి ఇక్కడికి చేరింది.

"చూడమ్మా, మనదాంట్లో ఇంపార్టెంటు ప్రశ్నల పేజీలే మాసిపోయాయి. వాళ్ళది అట్ట నుంచి అట్ట దాకా నలిగింది."

మర్నాడు అదే చెప్పి శర్వాణి రెండో బహుమతి తెచ్చింది.

"మొదటిది రాలేదేంటే?"

"జడ్జిగారు నా పుస్తకం చూపించమన్నారు నాన్నా. తెల్లగా మెరిసిపోతోంది!"

"అయితే నీది ఏ దేశమూ కాదన్నమాట!" అని రామనాథం పగలబడి నవ్వాడు. శర్వాణి మూతి ముడుచుకుని, అక్కడే కూర్చుని తన పుస్తకం మొదటి పేజీ తెరిచింది.