రిబ్కమ్మ చెంపకు కరెంటు

ఖానాపూర్‌ల నాట్లేసే ఆడోళ్లల్ల పాట అందుకునేది రిబ్కమ్మనే. ఆదివారం చర్చిల కీర్తన ఎత్తేది గూడ ఆమెనే. మొగడు బక్కయ్య బాయికాడ తడి చేతులతోని మోటరు స్టార్టరు ముట్టి పానం ఇడిసిండు. అప్పటిసంది ఇంట్ల లైటు వెయ్యాలన్నా బిడ్డ దెబోరానే వెయ్యాలె.

ఎనభై ఆరు వానకాలంల ఒకనాడు పొద్దుగాల రిబ్కమ్మ నోట్లె పోసుకున్న నీళ్లు ఎడమదిక్కు నుంచి కారిపోయినయి. మూతి వంకరపోయింది. ఎడమ కన్ను మూతపడతలేదు. పక్షవాతమే అనుకున్నది.

దెబోరా ఆమెను బస్సెక్కించి కరీంనగర్ దవాఖానకు తోల్కపోయింది. డాక్టరు చూసి, "పక్షవాతం కాదు. మొఖం నరం వాచింది. గోలీలు మింగు, మా దగ్గర నరాలకు కరెంటు వైద్యం చేసే లీలాబాయి ఉన్నది, ఆమెతోని కొన్ని రోజులు చెంపకు కరెంటు పెట్టించుకో" అన్నడు.

కరెంటు అనంగనే రిబ్కమ్మ బిడ్డ చెయ్యి గట్టిగ పట్టుకున్నది. లీలాబాయి అర్రల ఒక చిన్న డబ్బా, రెండు వైర్లు, వాటి కొసలకు నీళ్లల్ల ముంచిన గుడ్డలున్నయి. ఆ తడి చూసుడుతోనే బయటికి ఉరికింది.

వరండల కూలవడ్డది. "నేను గూడ మీ బాపు లెక్కనే పోతే నీకెవ్వరున్నరే?" అన్నది.

దెబోరాకు పదిహేడేండ్లు. ఆమెకూ భయమే. అయినా లోపలికి పోయి, "ముందుగాల నాకు పెట్టుండ్రి, మా అవ్వ చూస్తది" అని చెయ్యి చాపింది. గుడ్డ ఆనంగనే వేలు టక్కున ఎగిరింది. రిబ్కమ్మ కెవ్వుమని ఉరికొచ్చి వైరు గుంజేసింది.

లీలాబాయి కోపం చెయ్యలే. డబ్బా ఎనుక మూత తీసి చూపెట్టింది. "గోడల వచ్చే కరెంటు కాదమ్మా ఇది. టార్చిలైటుల ఏసే సెల్లులే. నొప్పైతే చెయ్యి లేపు, ఆపేస్తా."

"మీరు పెట్టుకున్నరా ఎన్నడన్న?"

లీలాబాయి గుడ్డ తన చెంపకే ఆనించుకున్నది. ఆమె మూతి కొస అదిరింది. రిబ్కమ్మ అది చూసి, ఏసును తలుసుకుంట కుర్చీల కూసున్నది.

చీమలు పాకినట్టయింది. చెంప దానంతటదే ఎగురుతుంటే ఎవరిదో మొఖం తగిలించుకున్నట్టు అనిపించింది. రోజూ కుర్చీల కూసుండేటప్పుడు రిబ్కమ్మ బిడ్డ చెయ్యి ఇడవకపోయేది. పదిరోజులైనా ఫరక్ కనవడలే. "ఇగ ఇంతేనా?" అని పరేషాన్. మూడోవారంల రెప్ప జర కదిలింది. రెండు నెలలకు మూతి చక్కగైంది, మాట తేటవడ్డది.

"కరెంటుతోనే నయమైందా డాక్టరు సాబ్?" అని దెబోరా అడిగింది.

"గట్టిగ చెప్పలేం బిడ్డా. కొందరికి దానంతటదే తగ్గుతది" అన్నడాయన.

ఇప్పటికీ అన్నం తినేటప్పుడు రిబ్కమ్మ ఎడమ కంట్లకెళ్లి నీళ్లు కారుతయి. నోట్లె ఉమ్మి ఊరించాల్సిన నరం దారి తప్పి కంటికి అతుక్కున్నదట. కొత్తోళ్లు చూసి బుక్క ఆపుతరు. "ఏడుస్తలేను, మీరు తినుండ్రి" అంటది.