బాగుందయ్య ఉప్పు చూశాడు

మా ప్రెస్సు వెనక సందులో అక్క మెస్సు ఉంది. బోర్డు మీద వేరే పేరేదో ఉంది గాని, ఆ బోర్డు చదివి లోపలికి వచ్చినవాడు నాకు తెలిసి ఎవడూ లేడు. ఆరు బల్లలు, గోడకి చేతులు కడుక్కునే కుళాయి, మూలన స్టూలు మీద తాగే నీళ్ల డబ్బా, వంటింటికీ భోజనాల గదికీ మధ్య గోడలో ఒక కిటికీ. ఆ కిటికీలోంచి గిన్నెలు ఇవతలికి వస్తాయి, ఖాళీవి అవతలికి వెళ్తాయి. అవతల, తినేవాళ్లందరం అక్కా అని పిలిచే ఆవిడ, ఇవతల ఆవిడ భర్త. నేను పదకొండేళ్లుగా మధ్యాహ్నం భోజనం అక్కడే చేస్తున్నాను. ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. పొద్దస్తమానం ఇతరుల తప్పులు వెతికి జీతం తీసుకునేవాణ్ణి కాబట్టి నాకు నోటి దురుసు ఉందని ఇంట్లోవాళ్లు అంటారు. తీరా ఆ నోరు అవసరమైనప్పుడు నేను దాన్ని మూసుకుని కూర్చున్నాను.

అక్క భర్తని నేను బావగారూ అని పిలుస్తాను. మిగతావాళ్లందరూ చాటున బాగుందయ్య అంటారు. ఒకరిద్దరు నోరు జారి ఆయన ముందే అనేశారు. ఆయన నవ్వి, ఆ పేరు కూడా బాగుందన్నాడు. మనిషి అంత మెత్తన. పూర్వం బస్సు డిపోలో టైం కీపరుగా చేసేవాడు. ఆయన ఉన్నన్నాళ్లూ ఏ బస్సూ ఆలస్యంగా వచ్చినట్టు పుస్తకంలో లేదని చెప్పుకుంటారు. కూర మాడినా బాగుంది, అన్నం చిమిడినా బాగుంది. ఒకసారి అక్క ఏదో ధ్యాసలో కూరలో ఉప్పుకి బదులు పంచదార వేస్తే, "ఇవాళేదో కొత్తగా బాగుందే" అన్నాడు. అక్క ఆ మాటలు పట్టించుకునేది కాదు. ఆవిడకి ఇంకొకరి నాలుకతో పని లేదు. గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలిక్కి తగిలించేది, తల ఊపేది, మూత పెట్టేసేది. నలభై మంది తినే వంటకి అదే పరీక్ష.

పొయ్యి వెలిగించే ముందు అక్క ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నిలబడుతుంది. ఏమని దణ్ణం పెట్టుకుంటావని ఒకసారి అడిగాను.

"ఇవాళ్టి వంట ఇవాళ నా చేత చేయించు దేవుడా, రేపటిది రేపు అడుగుతాను అంటాను. అంతే."

"ఇంకేం అడగవా?"

"ఆయనకి వేరే పనుండదా ఏంటి?"

కిందటేడు వానాకాలంలో అక్కకి కడుపు ఉబ్బరం మొదలైంది. అజీర్తి అనుకుని నాలుగు నెలలు నెట్టుకొచ్చింది. తీరా చూపిస్తే అండాశయంలో గడ్డ, క్యాన్సరు. ముందు మూడు వారాలకొకటి చొప్పున మూడు కీమోలు, ఆ తర్వాత స్కాను, గడ్డ తగ్గితే ఆపరేషను, తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. విన్న రోజు నాకు అన్నం సయించలేదు. అక్క మాత్రం కిటికీలోంచి నా పళ్లెం చూసి, "కూర వదిలేశావేం? జబ్బు నాకు, నీక్కాదు" అని కసిరింది.

మెస్సు మూసెయ్యమని అందరం చెప్పాం. వినలేదు. మందు ఎక్కించిన వారం మూస్తుందట, తర్వాతి రెండు వారాలు తెరుస్తుందట. జనంలో తిరగొద్దని నర్సు గట్టిగా చెప్పింది కదా అంటే, "జనం కిటికీకి అవతల ఉంటారు, నేను ఇవతల ఉంటాను" అంది. మాస్కు కట్టుకుంది. ఎత్తు స్టూలొకటి తెప్పించుకుని కూర్చుని వండింది. జుట్టు రాలిపోయినప్పుడు తలకి గుడ్డ చుట్టుకుని, "ఇక కూరలో వెంట్రుకొచ్చిందని ఒక్కడు అనమను చూద్దాం" అని తనే ముందు నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు కళ్లు చెమర్చాయి. దణ్ణం మాత్రం మారలేదు. ఆసుపత్రికి వెళ్లే రోజున వంట అనే మాట తీసేసి మందు అంటుందట. ఇవాళ్టి మందు ఇవాళ ఎక్కించు, రేపటి సంగతి రేపు.

అన్నీ ఓర్చుకున్న మనిషిని నాలుక ఒక్కటీ దెబ్బ తీసింది. మొదటి కీమో అయిన పది రోజులకి నోట్లో రుచి పోయింది. "ఏం తిన్నా బీరువా తాళంచెవి చప్పరిస్తున్నట్టుంది తమ్ముడూ" అంది. చేతి అంచనాతో ఉప్పు వేస్తుంది, చూస్తుంది, చప్పగా అనిపిస్తుంది, ఇంకొంచెం వేస్తుంది. అప్పుడు గరిటె కిటికీలోంచి ఇవతలికి చాస్తుంది.

"ఏమండీ, కాస్త ఉప్పు చూడండి."

ఇంకేముంది. ఆయన రుచి చూస్తాడు, గుటక వేస్తాడు, "బాగుంది" అంటాడు.

రెండో కీమో తర్వాత కూరలు నోట్లో పెట్టుకోవడం కష్టమైపోయింది. పప్పు ఉప్పు, కూర ఉప్పు, చివరికి గుడ్ల పులుసు కూడా ఉప్పు కషాయం. మేం నలభై మందిమీ తలలు వంచుకుని తిన్నాం. ఒకడు పెరుగు రెండుసార్లు వేయించుకున్నాడు, ఒకడు ఉత్త అన్నం కలుపుకున్నాడు. బట్టల కొట్టు గుమాస్తా ఒకాయన ఇంటి నుంచి అరటిపండ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆవిడ అంత బాధలో వండిపెడుతుంటే ఉప్పు ఎక్కువైందని ఏ నోటితో అంటాం? అందరం బావగారి లాగే తయారయ్యాం. నాకైతే అది మంచితనమనే అనిపించింది.

మూడో కీమో సోమవారం. దానికి ముందు గురువారం, రెండు దాటాక, ఆఖరి బల్ల దగ్గర నేనొక్కణ్ణే మిగిలాను. బావగారు బల్లలు తుడుస్తున్నాడు. అక్క వంటింట్లోంచి ఇవతలికి వచ్చి నాకు కొంచెం దూరంగా కూర్చుంది.

"నీళ్ల డబ్బా రోజుకొకటి సరిపోయేది. ఈ వారం రోజుకి మూడు అయిపోతున్నాయి. ఎండలు కూడా లేవు. ఏం తమ్ముడూ?"

నేను చేతిలో గ్లాసు కింద పెట్టాను.

"కూర ఎలా ఉంది?"

"బాగుందక్కా."

"కామా ఒకటి తప్పిపోతే కంపోజింగు వాళ్లతో పోట్లాడతావు. నువ్వు కూడానా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "ఉప్పు ఎక్కువైందక్కా" అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"నెల కావస్తోంది."

అక్క అరవలేదు. అరిచి ఉంటే నయంగా ఉండేది. బావగారి వైపు తిరిగి మామూలు గొంతుతోనే అడిగింది.

"మొన్న రక్తపరీక్ష చూసి డాక్టరుగారు బాగుందన్నారని చెప్పారు మీరు. నేనప్పుడు మగతలో ఉన్నాను. ఆ మాట డాక్టరుగారన్నారా, మీరన్నారా?"

"డాక్టరుగారే అన్నారు. ఒట్టు."

"కూరలో ఉప్పు గురించి కూడా అదే మాటన్నారుగా. ఉప్పు దగ్గరే నిజం చెప్పలేని మనిషి గడ్డ దగ్గర చెప్తారని ఎలా నమ్మమంటారు?" కాసేపు చేతులకేసి చూసుకుంది. "ఆ బాధ పడేది తగ్గుతుందన్న ఆశతోనే కదా. తగ్గుతోందో లేదో ఎవరూ నిజం చెప్పనప్పుడు ఇంకెందుకు? సోమవారం నేను రాను."

బావగారు చేతిలో తడిగుడ్డ బల్ల మీద పెట్టాడు.

"పెళ్లయిన వారంలో ఒకసారి ఉప్పు తక్కువైందన్నాను. మూడు రోజులు మాట్లాడలేదు నువ్వు."

"నేనా?"

"నాలుగో రోజు బాగుందన్నాను. మాట్లాడావు."

నాకు ఆ సమయంలో నవ్వొచ్చింది, క్షమించాలి. అక్కకి కూడా పెదవి చివర కదిలింది గాని ఆపేసుకుంది. "ముప్పై రెండేళ్లుగా దాన్నే పట్టుకుని వేలాడుతున్నారా?" అని లేచింది. వంటింటి గుమ్మం దగ్గర ఆగి నాతో అంది: "దేవుడొక్కడే నాతో బాగుందని అనలేదు తమ్ముడూ. ఆయన అసలేమీ అనలేదు. అందుకే ఇప్పటికీ ఆయన మీద నమ్మకముంది."

మర్నాడు పొద్దున్నే బావగారు మా ప్రెస్సుకొచ్చాడు. పదకొండేళ్లలో ఎప్పుడూ రాని మనిషి. నా బల్ల పక్కన నిలబడి, నేను దిద్దుతున్న కాగితాలు కాసేపు చూశాడు.

"ఇన్ని తప్పులు పడతావు కదా, రాసినవాళ్లకి కోపం రాదా?"

"కొందరికి వస్తుంది బావగారూ."

"మరెలా చెప్తావు?"

కాగితం ఆయన ముందుకి జరిపాను. "తప్పని రాసి వదిలెయ్యం. గీత గీసి, పక్కన ఏముండాలో రాస్తాం. ఎక్కువైతే ఎంత తియ్యాలి, తక్కువైతే ఏం కలపాలి. అంతవరకే మన పని."

ఆయన అంచుల్లో ఉన్న ఎర్ర గీతలన్నీ ఓపిగ్గా చూశాడు. "చేయి వణకదూ?" అన్నాడు.

"మొదట్లో వణికింది."

ఆ మధ్యాహ్నం నేను కాస్త ముందుగానే మెస్సుకి వెళ్లాను. కిటికీలోంచి గరిటె రాలేదు, అక్క అడగడం మానేసింది. బావగారే వెళ్లి కిటికీ దగ్గర నిలబడి చెంచా చాచాడు. రుచి చూశాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. పరీక్ష హాల్లో కూర్చున్నవాడికి కూడా అంత చెమట పట్టదు.

"ఎక్కువైంది" అన్నాడు. ఆ వెంటనే, "నాలుగు బంగాళదుంపలు కోసి వెయ్యి. ఇంకో రెండు గ్లాసుల నీళ్లు పొయ్యి" అని కూడా అన్నాడు.

లోపల్నుంచి కత్తిపీట చప్పుడు వినిపించింది.

ఆదివారం మెస్సుకి సెలవు. ఎలా ఉన్నారో చూద్దామని వెళితే ఇద్దరూ కిటికీకి చెరో పక్కన ఉన్నారు. కిటికీ గట్టు మీద మూడు గిన్నెలున్నాయి, మూడింట్లోనూ ఒకే కూర.

"చూసి చెప్పండి" అంది అక్క.

"మొదటిది ఎక్కువ. నోట్లో పెట్టుకోలేం. రెండోది కొంచెం తక్కువ, చిటికెడు పడాలి." మూడోది నోట్లో వేసుకుని ఆగాడు. మళ్లీ చూశాడు. "దీంట్లో ఉప్పే లేదు. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు."

ఆయనకి అప్పుడర్థమైంది. అక్క మూడు గిన్నెలూ వెనక్కి లాక్కుంది, ఒకదానిలో ఒకటి పెట్టింది.

"రేపు ఎన్నింటికి వెళ్లాలి?" అంది.

"ఎనిమిదిన్నరకి."

మూడో కీమో అయింది. ఆ వారం అక్క మంచం దిగలేదు, అన్నం చూస్తే వాంతి, నీళ్లు కూడా లోహం వాసన. అయినా రెండో వారం మొదట్లోనే పొయ్యి వెలిగింది. బావగారు రోజూ ఉప్పు చూశాడు. ఆ రోజుల్లో ఆయన నోటివెంట బాగుంది అనే మాట ఒక్కసారి కూడా నేను వినలేదు. చిటికెడు తక్కువ, అరచెంచా ఎక్కువ, పప్పు ఇంకొంచెం ఉడకాలి. బట్టల కొట్టు గుమాస్తా అరటిపండ్లు తేవడం మానేశాడు. నీళ్ల డబ్బా మళ్లీ రోజుకొకటి సరిపోయింది.

స్కాను రిపోర్టు ఇచ్చే రోజున నేను సెలవు పెట్టి వాళ్లతో వెళ్లాను. పొడుగాటి నడవా, గోడకి ఆనించిన బెంచీలు, పేరు పిలిచే నర్సు. అక్క పేరు పిలిస్తే అక్క లేవలేదు.

"మీరెళ్లండి" అంది బావగారితో. "డాక్టరుగారు చెప్పేదంతా విని, మీరే వచ్చి నాకు చెప్పండి."

ఆయన కళ్లజోడు తుడుచుకుని లోపలికి వెళ్లాడు. అక్క కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. నేను పక్కన కూర్చుని, ఈ ఒక్కసారికీ ఆ మనిషి అబద్ధమే చెప్పాలని కోరుకున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పావుగంటకి ఆయన తలుపు తీసుకుని బయటికొచ్చాడు. వచ్చి అక్క ముందు నిలబడ్డాడు.

"సగానికి పైగా తగ్గింది" అన్నాడు. "పూర్తిగా పోలేదు. ఆపరేషను చెయ్యొచ్చన్నారు. అది అయ్యాక మళ్లీ మూడు కీమోలుంటాయి."

"ఇంకా?"

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"కాలేయం పక్కన చిన్న మచ్చ కనబడింది. అదేంటో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆపరేషనులో చూస్తారు."

అక్క ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. "అయితే సగం తగ్గిందన్నది నిజమే" అంది. నడవా దాటేవరకూ ఆ చెయ్యి వదల్లేదు.

మర్నాడు నేను పదకొండింటికే మెస్సులో కూర్చున్నాను. ఆపరేషనుకి ఇంకా పన్నెండు రోజులుంది, మచ్చ సంగతి ఎవరికీ తెలియదు, అక్క మాత్రం ఎప్పటిలాగే పొయ్యి ముందు ఒక నిమిషం నిలబడి అగ్గిపుల్ల గీసింది. చిక్కుడుకాయ కూర. ఉడికాక గరిటె కిటికీలోంచి ఇవతలికి వచ్చింది.

బావగారు చూశాడు. కాస్త ఆగి మళ్లీ చూశాడు. అక్క ఎదురుచూస్తూ ఉప్పు డబ్బా మీద ఒక చెయ్యి, నీళ్ల చెంబు మీద ఒక చెయ్యి వేసి ఉంచింది.

"బాగుంది" అన్నాడు.

అక్క రెండోసారి అడగలేదు. తల ఊపింది, మూత పెట్టేసింది.